బడ్జెరిగార్ పెంపకం

బడ్జెరిగార్ ఆస్ట్రేలియా ఖండానికి చెందిన ఒక చిన్న చిలుక. దీనిని క్లుప్తంగా బడ్జీ అంటారు. తెలుగునాట పక్షుల దుకాణాలలో దీనికి లవ్ బర్డ్స్ అనే పేరు స్థిరపడిపోయింది. కాని శాస్త్రరీత్యా లవ్ బర్డ్స్ అనబడేవి ఆఫ్రికాకు చెందిన వేరొక ప్రజాతి పక్షులు. చోటు తక్కువగా ఉండే ఇళ్ళలో, పగలు ఎక్కువ సమయం ఉద్యోగానికో చదువుకో బయటకు వెళ్ళేవారు మొదటిసారిగా ఒక చిలుకను పెంచదలచినపుడు పరిశీలించదగిన పక్షులలో ఇది ముఖ్యమైనది. అయితే చిన్న పక్షి గనుక చిన్న పంజరం చాలుననీ, గింజలు పోస్తే బ్రతుకుతుందనీ అనుకోవడం వలన ఈ పక్షులు అనేకం ఏడాది తిరగకుండానే చనిపోతుంటాయి. సరైన పోషణలో ఇది సాధారణంగా 5 నుండి 10 సంవత్సరాలు, కొన్ని సందర్భాలలో అంతకంటె ఎక్కువ కాలం జీవిస్తుంది.

పేరు, స్వరూపం

దీని శాస్త్రీయ నామం మెలోప్సిటాకస్ అండులేటస్. మొదటి పదానికి గ్రీకులో శ్రావ్యమైన చిలుక అనీ, రెండవ పదానికి లాటిన్‌లో అలలు గలది అనీ అర్థం. తల వెనుక భాగం, మెడ, రెక్కల పైన అలల వలె కనిపించే నల్లని చారల వలన ఆ పేరు వచ్చింది. జార్జ్ షా 1805లో ఈ పక్షిని మొదటిసారిగా శాస్త్రీయంగా వర్ణించాడు. పక్షిశాస్త్రవేత్త జాన్ గూల్డ్ 1840లో సజీవమైన బడ్జీలను ఇంగ్లండుకు తీసుకొనిరావడంతో ఐరోపాలో వీటి పెంపకం మొదలయింది.

అడవి బడ్జీ పొడవు సుమారు 18 సెంటీమీటర్లు, బరువు 30 నుండి 40 గ్రాములు. సహజమైన రంగు ఆకుపచ్చ, ముఖం పసుపు. ఆకుపచ్చ ఈకలో నిజానికి రెండు అంశాలున్నాయి: పసుపు వర్ణద్రవ్యం ఒకటి, ఈక నిర్మాణంపై వెలుతురు చెదరడం వలన కలిగే నీలం మరొకటి. పసుపు వర్ణద్రవ్యం ఏర్పడని పక్షి నీలంగా కనిపిస్తుంది. పెంపకందారులు ఇటువంటి మార్పులను తరతరాలుగా ఎన్నిక చేస్తూ నీలం, తెలుపు, పసుపు, బూడిద మొదలైన అనేక రంగుల బడ్జీలను రూపొందించారు. దుకాణాలలో కనిపించే రంగురంగుల పక్షులన్నీ ఒకే జాతివి, పంజరాలలో పుట్టి పెరిగినవి. రంగును బట్టి స్వభావం మారదు.

ఆస్ట్రేలియాలోని ఎండు మైదానాలలో ఇవి గుంపులుగా, నీటికోసం, గడ్డిగింజల కోసం సంచరిస్తూ జీవిస్తాయి. గుంపు, ఎగరడం, నేలమీద గింజలు ఏరుకోవడం, చెట్టు తొర్రలో గూడు అనే నాలుగింటి చుట్టూ దీని జీవితం అల్లుకొని ఉంటుంది. వీటిలో మొదటి మూడింటికి ఇంట్లో ఏదో ఒక ప్రత్యామ్నాయం ఏర్పరచడమే బడ్జీ పెంపకంలోని అసలు పని.

రామచిలుకను ఎందుకు పెంచకూడదు

తెలుగువారికి చిలుక అనగానే గుర్తుకు వచ్చేది మెడలో గులాబీ హారం గల రామచిలుక. కథలలో, గుడి శిల్పాలలో, చిలుకజోస్యంలో తరతరాలుగా కనిపిస్తున్న పక్షి కనుక దానిని పంజరంలో ఉంచడం తప్పు కాదని చాలామంది నమ్ముతారు. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఇది రక్షిత పక్షి. దానిని పట్టడం, కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దీనితో షెడ్యూళ్ళ సంఖ్య తగ్గి, అంతకుముందు నాలుగవ షెడ్యూలులో ఉన్న రామచిలుక రెండవ షెడ్యూలులో చేరింది. భుజంపై ఎర్రని మచ్చ గల అలెగ్జాండ్రిన్ చిలుకతో సహా మన దేశపు చిలుకలన్నింటికీ ఇదే రక్షణ వర్తిస్తుంది. పిల్లగా దొరికింది, ముచ్చటపడి పెంచుతున్నాము అనేది చట్టం ముందు సమాధానం కాదు.

చట్టం సంగతి అటుంచినా, సంతలో అమ్మకానికి వచ్చే రామచిలుక పిల్ల దాదాపు ఎప్పుడూ చెట్టు తొర్ర నుండి తీసినదే. ఇంకా ఈకలు రాని పిల్లలను బుట్టలలో కుక్కి తరలించేటప్పుడు అనేకం దారిలోనే చనిపోతాయి. బ్రతికినది సుమారు 40 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. అందులో ఎక్కువ భాగం తోకే. గదిలో వ్రేలాడే చిన్న ఇనుప పంజరంలో ఆ తోక తిన్నగా పట్టదు.

విదేశీ చిలుకల సంగతి వేరు. అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ అనుబంధాలలో ఉన్న జాతులను పెంచేవారు 2024లో వెలువడిన కేంద్ర నియమాల ప్రకారం పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఆఫ్రికన్ గ్రే చిలుక, మకా, కొనూర్, కాకటూ వంటివి ఈ కోవలోకి వస్తాయి. చిలుకల వర్గం దాదాపు మొత్తం ఆ అనుబంధాలలో ఉండగా బడ్జీ, కాకటీల్, గులాబీముఖపు లవ్ బర్డ్ వంటి కొద్ది జాతులు మాత్రం వాటికి వెలుపల ఉన్నాయి. కనుక బడ్జీని పెంచడానికి ఈ నమోదు అవసరం లేదు.

ఇతర పెంపుడు చిలుకలతో పోలిక

కాకటీల్ కూడా ఆస్ట్రేలియా పక్షే. పొడవు 30 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. మనుషులకు బడ్జీకంటె త్వరగా మచ్చికవుతుందని పేరు. కాని దాని ఈకల నుండి తెల్లని పొడి విపరీతంగా రాలుతుంది. ఉబ్బసం గలవారున్న చిన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. సరైన పోషణలో 15 నుండి 20 ఏళ్ళు జీవిస్తుంది. ఆఫ్రికన్ లవ్ బర్డ్ పరిమాణంలో బడ్జీకి సమీపంగా ఉన్నా గొంతు తీక్షణం, కాటు గట్టిది, ఇతర పక్షులతో పొసగదు. కొనూర్ల కేకలు గోడకు అవతల ఉన్న పొరుగువారి ఇంట్లో కూడా వినిపిస్తాయి. ఆఫ్రికన్ గ్రే వంటి పెద్ద చిలుకకు రోజూ గంటల తరబడి సాహచర్యం కావాలి. అది లభించకపోతే తన ఈకలను తానే పీక్కుంటుంది. ఆ పక్షి 40 ఏళ్ళకు పైగా జీవించగలదు కాబట్టి పెంచేవారి వయసును కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

బడ్జీ రోజంతా ఏదో ఒకటి గునుస్తూనే ఉంటుంది గాని ఆ శబ్దం గదిని దాటి ఎక్కువ దూరం పోదు. నిశ్శబ్దంగా ఉండే పక్షి కావాలనుకునేవారికి మాత్రం ఏ చిలుకా తగదు.

ఒకటా, రెండా

ఉదయం తొమ్మిదికి తాళం వేసి సాయంత్రం ఏడింటికి తెరిచే ఇంట్లో ఒంటరి బడ్జీని ఉంచడం దానికి శిక్ష. గుంపు జీవి కనుక తోడులేని పక్షి అద్దంలోని తన నీడతోనే స్నేహం చేసి, దానికి మేత కక్కి తినిపించే ప్రయత్నం చేస్తుంది. ఈ కారణంగానే పంజరంలో అద్దం పెట్టడాన్ని చాలామంది అనుభవజ్ఞులు వ్యతిరేకిస్తారు. సమయం తక్కువగా ఉన్నవారు రెండింటిని పెంచడమే మేలు. రెండవ పక్షి వలన ఖర్చు, శ్రమ పెద్దగా పెరగవు.

రెండు మగపక్షులు సాధారణంగా సఖ్యంగా ఉంటాయి. రెండు ఆడపక్షులు ఇరుకైన చోట తరచు పోట్లాడుకుంటాయి. జంటగా ఉన్న పక్షులు మనిషి మాటలను అనుకరించడం తక్కువ. మాటలు నేర్పాలనే కోరిక ఉన్నవారికి ఇది నిరాశ కలిగించవచ్చు. మాటలు నేర్చేవి ఎక్కువగా మగపక్షులే. అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన పక్ అనే మగ బడ్జీ 1,728 పదాలు పలుకగలదని గిన్నిస్ గ్రంథంలో నమోదయింది. అది 1994లో మరణించింది. అటువంటి పక్షులు అరుదు. చాలా బడ్జీలు జీవితమంతా ఒక్క మాటైనా పలుకవు.

పక్షిని ఎంచుకోవడం

హైదరాబాదులో చార్మినార్ సమీపాన ఉన్న ముర్గీచౌక్ చిరకాలంగా పక్షుల వ్యాపారానికి పేరుపొందింది. ఇతర పట్టణాలలో అక్వేరియం దుకాణాలలోనే బడ్జీలు దొరుకుతాయి. జత కొన్ని వందల రూపాయలకే వస్తుంది గాని మంచి పంజరానికి అంతకంటె ఎక్కువ అవుతుంది. కొనుగోలుదారులు ఈ రెండింటినీ తారుమారు చేసి, రంగు చూసి పక్షికి ఎక్కువ పెట్టి, మిగిలిన డబ్బుకు వచ్చిన పంజరాన్ని తీసుకోవడం తరచు కనిపించేదే.

లేత పక్షికి నుదుటి చారలు ముక్కు వరకు దిగి ఉంటాయి. కన్ను పూర్తిగా నల్లగా ఉంటుంది. మూడు నాలుగు నెలల వయసులో మొదటిసారి ఈకలు రాల్చినపుడు నుదురు తేటపడుతుంది. ఆ తరువాత కంటి చుట్టూ తెల్లని వలయం ఏర్పడుతుంది. ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే మెత్తని చర్మాన్ని బట్టి లింగభేదం తెలుస్తుంది: ఎదిగిన మగపక్షికి నీలం, ఆడపక్షికి గోధుమ లేదా తెలుపు కలిసిన లేత రంగు. కొన్ని రంగుల రకాలలో మగపక్షికి ఆ చర్మం గులాబీ రంగులోనే ఉండిపోతుంది. పిల్లలలో భేదం తెలుసుకోవడం అమ్మేవారికి కూడా కష్టమే. ఆరోగ్యంగా ఉన్న పక్షి చురుకుగా కదులుతుంది, మలద్వారం చుట్టూ ఈకలు శుభ్రంగా ఉంటాయి. పగటివేళ ఈకలు ఉబ్బించుకొని, కళ్ళు మూసుకొని, పంజరం అడుగున ముడుచుకొని ఉన్న పక్షిని జాలితో కొనడం వలన ఇంట్లో ఉన్న రెండవ పక్షికి కూడా రోగం సోకవచ్చు.

పంజరం

బడ్జీ నిలువుగా కాక అడ్డంగా ఎగురుతుంది. కాబట్టి పంజరానికి ఎత్తుకంటె పొడవు ముఖ్యం. రెండు పక్షులకు కనీసం 75 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలి. ఇంతకంటె పెద్దది ఎప్పుడూ మంచిదే. గోపురం ఆకారంలో గుండ్రంగా ఉండే పంజరాలు చూపులకే. చువ్వల మధ్య ఎడం 12 మిల్లీమీటర్లకు మించకూడదు. ఎడం ఎక్కువైతే పక్షి తల ఇరుక్కుంటుంది. జింకు పూత నాసిగా ఉన్న తీగపంజరాన్ని పక్షి రోజంతా కొరకడం వలన విషప్రభావం కలిగే ప్రమాదం ఉంది.

పంజరంతో వచ్చే నున్నటి ప్లాస్టిక్ కర్రలపైనే ఎల్లకాలం నిలబడితే పాదాలకు పుండ్లు పడతాయి. మందులు చల్లని వేప, జామ కొమ్మలను కడిగి, వేరువేరు మందాలలో అమర్చడం ఉత్తమం. బెరడు ఒలవడం పక్షికి ఆట, పని రెండూ అవుతుంది. పంజరాన్ని ఒక వైపు గోడ ఆనుకొని ఉండేటట్లు, మనిషి ఛాతీ ఎత్తుకు తగ్గకుండా, వంటగదికి దూరంగా ఉంచాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఉంచేవారు పిల్లులు, కాకులు, చీమలతోబాటు ఎండను కూడా గుర్తుంచుకోవాలి. ఎడారి పక్షే అయినా అది అక్కడ మధ్యాహ్నం చెట్టు నీడను వెతుక్కుంటుంది. పంజరంలోని పక్షికి ఆ అవకాశం లేదు. ముక్కు తెరిచి రొప్పుతూ, రెక్కలను ఒంటికి దూరంగా పట్టుకొని ఉంటే వడదెబ్బకు గురవుతున్నదని గ్రహించి వెంటనే నీడకు మార్చాలి. వెడల్పు గిన్నెలో కొద్దిగా నీరు పెడితే స్వయంగా స్నానం చేస్తుంది.

ఆహారం

కొర్రలు బడ్జీకి ప్రీతిపాత్రమైన ఆహారం. విదేశాలలో ఖరీదైన దినుసుగా అమ్మే కొర్ర కంకులు తెలుగు రాష్ట్రాలలో పొలం నుండే లభిస్తాయి. చేతిపైకి రప్పించి మచ్చిక చేయడానికి వీటికి మించిన ఎర లేదు. కొర్రలతోబాటు సజ్జలు, కెనరీ గింజలు, కొద్దిగా ఓట్లు కలపవచ్చు. పొద్దుతిరుగుడు గింజలలో కొవ్వు అధికం కనుక పరిమితంగా ఇవ్వాలి.

గింజలు మాత్రమే తినే పక్షికి విటమిన్ ఎ, అయోడిన్, కాల్షియం లోపిస్తాయి. తోటకూర, కొత్తిమీర, మునగాకు, తురిమిన క్యారట్, మొలకెత్తిన గింజలు రోజూ కొద్దిగా పెట్టాలి. ఆకుకూరలను బాగా కడగాలి. కొత్త ఆహారాన్ని బడ్జీ మొదట అనుమానంగా చూస్తుంది. వారాల తరబడి పెట్టిన తరువాతే రుచి చూసే పక్షులున్నాయి. కాల్షియం కోసం సముద్రపు నురుగు అని ఆయుర్వేద దుకాణాలలో అమ్మే కటిల్ చేప ఎముకను చువ్వలకు కట్టాలి. బడ్జీ గింజను పొట్టు ఒలిచి తింటుంది కాబట్టి ఇసుక, రాళ్ళు పెట్టవలసిన పని లేదు. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, మద్యం, ఉప్పు వేసిన చిరుతిండ్లు ప్రమాదకరం. పచ్చిమిరపకాయ మాత్రం హాని చేయదు. మిరపలోని కారాన్ని పక్షుల నాడీగ్రాహకాలు గుర్తించవు గనుకనే చిలుకలు దానిని కమ్మగా తింటాయి.

క్రొత్తవారు తరచు చేసే పొరపాటు ఒకటి ఉన్నది. పక్షి గింజను ఒలిచి పొట్టును గిన్నెలోనే వదులుతుంది. పైనుండి చూస్తే గిన్నె నిండుగా కనిపిస్తుంది. లోపల ఒక్క గింజ కూడా ఉండదు. ఇంత చిన్న పక్షి ఒకటి రెండు రోజులకు మించి ఆకలికి తట్టుకోలేదు. ప్రతి ఉదయం పొట్టును ఊది, గింజ ఉన్నదో లేదో చేతితో చూడాలి. పండుగకు నాలుగు రోజులు ఊరికి వెళుతూ గిన్నెలు నింపి తాళం వేసి వెళ్ళినవారి ఇళ్ళలో జరిగే విషాదానికి ఎక్కువగా ఇదే కారణం.

దినచర్య

పనిరోజులలో బడ్జీలకు కావలసిన కనీస సమయం ఎక్కువేమీ కాదు. ఉదయం నీరు మార్చి, గింజలు, ఆకుకూర పెట్టి, అడుగున కాగితం మార్చడానికి పదిహేను నిమిషాలు చాలు. సాయంత్రం ఒక గంట గదిలో స్వేచ్ఛగా ఎగరనివ్వాలి. వారానికొకసారి పంజరాన్ని పూర్తిగా కడగాలి. ఆకుకూరను రెండు మూడు గంటలకు మించి ఉంచితే వేసవిలో పాడవుతుంది. ఉదయం ఇంట్లో ఉండనివారు దానిని సాయంత్రానికి మార్చుకోవచ్చు.

రాత్రి 10 నుండి 12 గంటల చీకటి, నిశ్శబ్దం అవసరం. ఒకే గది ఉన్న ఇంట్లో అర్ధరాత్రి వరకు టీవీ, దీపాలు ఉంటే పక్షికి నిద్ర కరవవుతుంది. స్థలం తక్కువైన ఇళ్ళలో పంజరం పరిమాణంకంటె ఇదే కష్టమైన సమస్య. గాలి ఆడే పలుచని బట్టను పంజరంపై మూడు వైపులా కప్పడం కొంతవరకు ఉపయోగపడుతుంది.

క్రొత్తగా తెచ్చిన పక్షిని మొదటి వారం చేతితో పట్టరాదు. దగ్గర కూర్చొని మాట్లాడటం, తరువాత చువ్వల మధ్య నుండి కంకి అందించడం, ఆపైన చేయి లోపల పెట్టి కదలక ఉంచడం అనేవి క్రమంగా జరగాలి. చేతితో బలవంతంగా పట్టుకున్న పక్షి ఆ చేతిని నెలల తరబడి నమ్మదు.

ఇంటిలోని ప్రమాదాలు

మన ఇళ్ళలో ఎగిరే పక్షికి ప్రధాన శత్రువు తిరిగే పంకా. పంజరం తలుపు తీసే ముందు పంకా ఆపి, రెక్కలు పూర్తిగా నిలిచేవరకు ఆగాలి. కిటికీలకు వలలు, అద్దాలకు తెరలు ఉండాలి. తెరచిన బకెట్లలో, నీళ్ళ డ్రమ్ములలో పడి కూడా పక్షులు చనిపోతాయి.

పక్షుల ఊపిరితిత్తుల నిర్మాణం మనుషులకంటె భిన్నమైనది. గాలిలోని విషం వాటి రక్తంలోకి చాలా వేగంగా చేరుతుంది. టెఫ్లాన్ పూత గల పెనాన్ని పొయ్యిమీద ఖాళీగా మరచిపోతే వెలువడే వాయువు మనుషులకు వాసనగానైనా తెలియకముందే పంజరంలోని పక్షులను చంపుతుంది. దోమల చుట్టలు, అగరుబత్తీలు, సాంబ్రాణి పొగ, సిగరెట్లు, పురుగుమందుల స్ప్రేలు, రంగులు కూడా హానికరమే. ఒకే గదిలో పూజ, వంట, పంజరం మూడూ ఉండక తప్పని ఇంట్లో పక్షిని పెంచకపోవడమే మంచిది.

వ్యాధులు

వేటాడబడే జీవులన్నింటి వలె బడ్జీ తన అనారోగ్యాన్ని దాచుకుంటుంది. బయటకు కనిపించేనాటికి రోగం ముదిరి ఉంటుంది. ఊపిరి తీసినపుడల్లా తోక పైకి క్రిందికి ఊగడం, రెట్ట రంగు మారడం, పగలంతా నిద్ర, బరువు తగ్గడం ముఖ్య లక్షణాలు. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ త్రాసుతో వారానికొకసారి బరువు చూసేవారు రోగాన్ని ముందుగా పసిగట్టగలుగుతారు. ముక్కు, కాళ్ళపై సున్నపు పొరలా పేరుకొనేది ఒక రకమైన పురుగు వలన కలిగే గజ్జి. దీనికి మంచి చికిత్స ఉంది.

సిట్టకోసిస్ అనే బాక్టీరియా వ్యాధి చిలుకల నుండి మనుషులకు సోకగలదు. ఎండిన రెట్ట దుమ్మును పీల్చడం ద్వారా ఇది వ్యాపిస్తుంది. జ్వరం, పొడిదగ్గు, తలనొప్పి కనిపిస్తాయి. వైద్యుని వద్దకు వెళ్ళినపుడు ఇంట్లో పక్షులున్న సంగతి చెప్పడం రోగనిర్ధారణకు అవసరం. పంజరం అడుగును పొడిగా ఊడ్వకుండా తడిపి తుడవాలి.

పక్షులకు వైద్యం చేసేవారు అన్ని ఊళ్ళలో దొరకరు. హైదరాబాదులోని రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. పక్షులను చూసే వైద్యుడు ఎక్కడున్నాడో పక్షిని కొనడానికి ముందే తెలుసుకోవాలి.

సంతానం

దుకాణదారులు పంజరంతోబాటు ఒక చిన్న మట్టికుండను కూడా అంటగడతారు. బడ్జీకి అది చెట్టు తొర్రతో సమానం. కుండ కట్టిన వెంటనే జంట గూటి ప్రయత్నం మొదలుపెడుతుంది. ఆడపక్షి రోజు విడిచి రోజు సాధారణంగా 4 నుండి 6 గుడ్లు పెడుతుంది. సుమారు 18 రోజులకు పిల్లలు బయటకు వస్తాయి. నెల దాటాక గూడు వదులుతాయి. రెండు పక్షులకు చాలిన చోటు ఏడెనిమిదింటికి చాలదు. ఎడతెగకుండా గుడ్లు పెట్టే పక్షి కాల్షియం లోపించి గుడ్డు బయటకు రాక చనిపోవడమూ జరుగుతుంది. కుండ లేకపోతే చాలా జంటలు గుడ్లు పెట్టవు. చోటు లేనివారు కుండను దుకాణంలోనే వదిలి రావచ్చు.

ఇక పెంచలేనపుడు

బదిలీ, పరీక్షలు, విసుగు వంటి కారణాలతో పక్షులను వదిలించుకోవాలనుకునేవారు వాటిని డాబా మీదినుండి ఎగురవేసి పుణ్యం చేశామని భావిస్తారు. పంజరంలో పుట్టిన బడ్జీకి ఇక్కడ మేత వెతుక్కోవడం తెలియదు. పసుపు, నీలం రంగుల వలన కాకులకు, డేగలకు దూరం నుండే కనిపిస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజులకు మించి బ్రతకదు. అప్పటికే బడ్జీలను పెంచుతున్న మరొక ఇంటికి పంజరంతో సహా, జంటను విడదీయకుండా ఇవ్వడం సరైన పద్ధతి. రామచిలుక విషయంలో మాత్రం మరొకరికి ఇవ్వడం కూడా నేరమే కనుక దానిని అటవీశాఖకు అప్పగించాలి.